ఓనరమ్మకు జతేదీ?

నా నవల మీద అభిప్రాయం చెప్పినవాళ్ళలో అందరికంటే బాగా చెప్పిన మనిషికి తెలుగు చదవడం రాదు. ఎగతాళికి అనడం లేదు. ఆమెకు ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, కోపమొచ్చినా తెలుగే. బడి మాత్రం కన్నడం. మాటలన్నీ ఒకవైపు, అక్షరాలన్నీ ఇంకోవైపు. వర్తూరులో అలాంటి పాతకాపు తెలుగువాళ్ళు వీధికి పదిమంది ఉండేవారు. తొంభై ఆరులో కృష్ణా జిల్లా నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నాకు ఆ సంగతి మహా వింతగా ఉండేది.

పోయిన వారం ఆమె చెల్లెలు ఫోన్ చేసి అక్క పోయిందని చెప్పింది. ఫోన్ పెట్టేశాక ముందుగా ఆమె కుడి చెయ్యి గుర్తొచ్చింది. కుట్టుమిషను చక్రం మీద ఆనించిన చెయ్యి. ఆ చెయ్యి అలా ఆగితే నాకు ఆ రోజు పండగే.

మేము ఆమె ఇంటి పై పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. కింద ముందుగదిలో ఆమె మిషను, వెనక పోర్షన్లో చెల్లెలి సంసారం. ఆమెకు భర్త లేడు, పిల్లల్లేరు. ఆ వీధి ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు, ఆ సూదులు తియ్యకుండానే మాటలు. కొత్తలో నాకు గుండె గుభేలుమనేది, ఎక్కడ మింగేస్తుందోనని. ఆమె మాత్రం సూదులు పెట్టుకునే నన్ను తిట్టేది, సూదులు పెట్టుకునే నవ్వేది.

మొదటిసారి నన్ను "ఏమప్పా" అని పిలిచినప్పుడు వెనక్కి తిరిగి చూశాను, మావారు వచ్చారేమోనని.

"నేను ఆడదాన్నక్కా, అప్పా అంటారేంటి?" అన్నాను.

"అయితే ఏమప్పా?" అంది.

ఆరేళ్ళూ నేను అప్పానే.

మావారు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళితే సాయంత్రం దాకా నేను ఒక్కదాన్నే. మెజెస్టిక్ దగ్గర ఒక అద్దె పుస్తకాల షాపులో తెలుగు నవలలు దొరికేవి. బస్సెక్కి వెళ్ళి ఒకేసారి ఆరేడు తెచ్చుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆమె మెట్ల కింద నుంచి కేకేసింది.

"పైన ఒక్కతే ఏం చేస్తా ఉండావప్పా?"

"చదువుకుంటున్నానక్కా. నవల."

"నవల అంటే కతే కదా. కిందికొచ్చి గట్టిగా చదువు. చేతులకీ కాళ్ళకీ పని ఉండాది, చెవులు సుమ్నే ఖాళీగా ఉండాయి."

అలా మొదలైంది. రోజూ రెండింటికి నేను దిగేదాన్ని, నాలుగింటికి నీళ్ళ లారీ వచ్చేదాకా చదివేదాన్ని. ఏడుపు నవలలు ఆమెకు పనికిరావు. "బరువు కతలు వద్దు, బరువు ఇంట్లోనే ఉండాది," అనేది. అబ్బాయి, అమ్మాయి, పోట్లాట, అలక, చివర పెళ్ళి. ఇదీ ఆమె కోరే సరుకు. వింటూ మిషను తొక్కేది. మామూలు పేజీలకు మిషను ఆగదు. ఎక్కడైనా బాగుంటే కుడి చెయ్యి చక్రం మీద ఆనేది, చప్పుడు ఆగిపోయేది. అప్పుడు ఆ పేరా మళ్ళీ చదవాలి. ఒక్కో నవలకు ఒక్కసారి కూడా ఆగేది కాదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ నవలల్లో ప్రేమ అంత అని ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలిసీ ఇష్టపడేది.

ఆమె అభిప్రాయాలు నేను ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోవలసింది. హీరో వానలో తడిసి హీరోయిన్ గుమ్మంలో నిలబడితే, "ఆ చొక్కా ఎవురు పిండినారు?" అని అడిగేది. హీరోయిన్ అలిగి రెండు రోజులు అన్నం మానేస్తే, "ఒక పూట సరే. రెండు దినాలంటే నేను నమ్మను," అని తేల్చేసేది. ఇద్దరి మధ్యా తగవు పెట్టే మేనత్తను చూసి కందకు లేని దురద కత్తిపీటకేంటికని విసుక్కునేది. ఒకసారి పేరున్న నవలే ఒకటి పూర్తిచేసి ఎలా ఉందని అడిగితే, "ఆది జాకెట్టు చూడకుండా కుట్టినట్లుండాది. చూసేకి బాగుండాది, ఎవురికీ పట్టదు," అంది. కొలతకిచ్చే పాత జాకెట్టు లేకుండా ఆమె కత్తెర పట్టేది కాదు మరి.

ఇంకో మాట తరచు అనేది. "కతలో పెండ్లికి ముందు మూడొందల పుటలు, పెండ్లైనాంక ఒక్క పుట. మనకి తిరగేసి కదప్పా." ఆమెకు పెళ్ళయ్యాక నిజంగా ఒక్క పుటే దొరికిందని నాకు అప్పటికి తెలియదు. భర్త ఏడాది తిరక్కుండానే పోయాడట. ఆ సంగతి చెల్లెలు చెప్పింది కానీ ఆమె ఏనాడూ ఎత్తలేదు.

ఇన్ని వింటూ ఉంటే నాకు చెయ్యి దురద పుట్టింది. నేనే ఒక నవల రాశాను. కథ చాలా చిన్నది. బెంగుళూరులో ఒక ఇంటి రెండు పోర్షన్లలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి అద్దెకు దిగుతారు. నీళ్ళ మోటరు ఎవరెప్పుడు వేసుకోవాలన్న దగ్గర మొదలైన తగువు పెళ్ళి పీటల మీద తీరుతుంది. మధ్యలో నవ్వించడానికి ఇంటి ఓనరమ్మ ఉంటుంది.

ఆ ఓనరమ్మ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న కింద వినబడిన మాట మధ్యాహ్నానికి నా కాగితాల్లో ఉండేది. ఎక్కడ కథ చప్పబడితే అక్కడ ఆమెను పిలిచాను. ఆమె నోరు తెరిస్తే చాలు, హీరో హీరోయిన్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. అది తప్పని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. మా వైపు ఆ యాస వినబడితే నవ్వు రావాలన్నది ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. అచ్చయ్యాక ఉత్తరాలు రాసినవాళ్ళు కూడా హీరో గురించి రాయలేదు, ఓనరమ్మ అదిరిందని రాశారు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పుస్తకాల కట్ట వచ్చిన రోజు ఆమె నాకంటే ఎక్కువ సంబరపడింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు పుస్తకం పట్టుకుంది. "నాకు ఈ దినమే చదివి చెప్పాల," అంది. అప్పుడు దిగింది నా గొంతులో పచ్చి వెలక్కాయ.

ఏం చేశానో చెబుతాను. ఓనరమ్మ వచ్చిన చోటల్లా పేజీలు ఎగరేసి చదివాను. ఒక వాక్యం మధ్యలో ఆపి, నాలుగు పేజీల అవతలి వాక్యానికి ముడేసి, గొంతు తడబడకుండా లాక్కొచ్చాను. ఆమె మిషను తొక్కుతూనే అడిగింది.

"ఆ ఇంటికి ఓనరు లేరా అప్పా? నీళ్ళు రాకుంటే ఆ పిల్లోళ్ళు ఎవుర్ని అడుగుతారు?"

తేలు కుట్టిన దొంగలా, "ఓనరు ఊళ్ళో ఉండరక్కా," అన్నాను.

పూర్తయ్యాక అభిప్రాయం అడిగితే, "బాగుండాది. కొంచెం సన్నగా ఉండాది," అంది. ఒక్కసారి కూడా మిషను ఆపలేదు. అయినా నా చేత సంతకం పెట్టించుకుని, ఆ పుస్తకాన్ని దారపుండల డబ్బాల పక్కన అందరికీ కనబడేలా నిలబెట్టింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ, "మా పైన పాప రాసింది," అని చూపించేది.

అప్పుడప్పుడే బ్రూక్‌ఫీల్డ్ వైపు కంప్యూటరు ఆఫీసులు లేస్తున్నాయి. అక్కడ పనిచేసే ఒక హైదరాబాదు అమ్మాయి జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చింది. నేను బకెట్టు పట్టుకుని మెట్లు దిగుతున్నాను. కింద నుంచి పకపకా నవ్వు వినబడింది. డబ్బాల పక్కనున్న నా పుస్తకం తీసినట్టుంది.

"ఆంటీ, ఇది సూపర్ ఉంది! వినండి వినండి," అంటోంది ఆ అమ్మాయి. "'మోటరు ఉండాది, తొట్టి ఉండాది, నీళ్ళే ఊరికి పోయుండాయి!' సేమ్ మీలాగే మాట్లాడుతుంది ఆంటీ ఈమె!"

నేను మెట్టు మీదే ఆగిపోయాను. ఆ అమ్మాయి గొంతు మార్చి, సాగదీసి, పేజీ తర్వాత పేజీ చదువుతోంది. ఆమె కూడా నవ్వుతోంది. "ఇంకా ఉండాదా? చదువు పాపా," అంటోంది. మిషను చప్పుడు లేదు. నా నవల కోసం ఆమె మిషను ఆపింది అదే మొదలు. బకెట్టు అక్కడే పెట్టి నిశ్శబ్దంగా పైకి వచ్చేశాను.

మూడు రోజులు కిందికి వెళ్ళలేదు. తలనొప్పి అని అబద్ధం చెప్పాను. ఆమె చెల్లెలి చేత మిరియాల చారు పంపించింది. ఆ చారు తాగుతుంటే ఏడుపొచ్చింది. నాలుగో రోజు రెండింటికి దిగి, గడప దగ్గరే కూర్చుని, "తప్పయిపోయిందక్కా," అన్నాను.

ఆమె గుండుసూదులు నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది. అలా తీసి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"నా మాట నువ్వు రాసినావని బేజారు లేదప్పా. నీళ్ళు ఊరికి పోయినాయని నేనే కదా అన్నాను. ఆ పాప చదివితే నాకే నగు వచ్చింది. నువ్వు పుటలు ఎగరగొట్టినావు చూడు, దానికి బేజారైంది. నాకు వినిపించలేని మాట నా గురించి ఏంటికి రాసినావు?"

నేను తలొంచుకున్నాను.

"ఇంకొకటి అడగాల," అని జాకెట్టు మడత పెట్టి పక్కన పెట్టింది. "ఆ కతలో అందురికీ జత కుదిర్చినావు. ఆ ఇద్దురూ సరే. వాని సావాసగానికి ఈ పిల్ల సావాసగత్తెను ఇచ్చినావు. పాలాయనకి పూలామె. ఓనరమ్మ కుక్కకి కూడా పక్కింటి కుక్కను తెచ్చినావు. ఆయమ్మకి ఏంటికప్పా ఎవురూ లేరు? అంత పెద్ద కతలో ఒక్కరన్నా ఆమెని చూసేకి రారా? నీళ్ళు అడిగేకి వస్తారు, నగేకి వస్తారు, అంతేనా?"

కోపంగా అడిగి ఉంటే బాగుండేది. జాకెట్టు మెడ లోతు ఎంత పెట్టాలని అడిగినట్టు అడిగింది. ఆ కుక్క పెళ్ళి రాసేటప్పుడు నేను ఎంత నవ్వుకున్నానో గుర్తొచ్చింది.

"అచ్చయిపోయింది కదక్కా. ఇప్పుడేం చెయ్యను?"

"కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలమా? లావైతే ఇప్పుకునేకి. ఆ పుస్తకం తీ. కడా పుట అయినాంక, ఆమేలే ఇంకొక పుట ఉండాది అనుకో. చదువు."

"అక్కడ ఏమీ లేదక్కా."

"మొన్న ఉండేది వదిలేసి చదివినావు కదా. ఈ దినం లేనిది చదువు."

పుస్తకం తీశాను. వెనకున్న తెల్ల కాగితం ముందు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దమనిషి, మర్యాదస్తుడు, ఉదయం నడకకు వెళుతూ ఓనరమ్మ గేటు దగ్గర ఆగుతాడన్నాను.

"పించనీ ముసిలాయన వద్దు," అంది వెంటనే. "దగ్గుతా కూర్చుంటాడు. కూరగాయలాయన రానీ. చెరువు పక్క తోట నుంచి, సైకిలు మీద. కొత్తంబరి తెస్తాడు."

"రోజూనా?"

"ఆదివారం ఆదివారం. మీసం ఉండాల. చొక్కా గుండీ ఒకటి ఊడిపోయుంటాది. ఆయమ్మ చూస్తాది, నిలబడు అంటాది, చొక్కా ఇప్పించకుండానే కుడతాది. ఒంటి మీద గుడ్డ కుట్టేటప్పుడు నోట్లో దారప్పోగు పెట్టుకోవాల కదా, వాని నోట్లో ఒక పోగు పెడతాది. ఇంక వాడు మాట్లాడలేడు. నోరు తెరిస్తే పోగు పడిపోతాది. ఆయమ్మే మాట్లాడతాది. వారమంతా ఏమేమి అయిందో అంతా చెప్తాది. నీళ్ళు, మోటరు, కుక్క, అంతా. వాడు నగడు. వింటాడు."

నేను చదవడం ఎప్పుడో మానేశాను. వింటున్నాను.

"ఆ తర్వాత?"

"ఆమేలే ఏముండాది? గుండీ కుట్టినాంక పంటితో దారం తెంపుతాది. వాడు పోతాడు."

"పెళ్ళి?"

"పెండ్లి వద్దప్పా. పెండ్లైతే నీళ్ళ గలాటా మళ్ళా మొదులైతాది. వచ్చే ఆదివారానికి ఇంకొక గుండీ ఊడాల. అంతే కత." నోట్లో మళ్ళీ సూదులు పెట్టుకుంది. "ఇప్పుడు సన్నగా లేదు."

అన్ని నవలలు చదివాను, ఒకటి రాశాను కూడా. అంత మంచి ప్రేమ ఘట్టం నాకు ఎక్కడా తగల్లేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. మళ్ళీ అచ్చు వేస్తే ఇది తప్పకుండా చేరుస్తానని మాట కూడా ఇచ్చాను. అది కల్పించి చెప్పింది కాదనీ, నిజంగా ఎవరో ఉన్నారనీ నాకు గట్టి నమ్మకం కలిగింది. ఆదివారాలు పై నుంచి తొంగి చూసేదాన్ని. సైకిళ్ళ మీద కొత్తిమీర అమ్మేవాళ్ళు చాలామంది వచ్చేవారు. వాళ్ళ మీసాలు చూసేదాన్ని, గుండీలు చూసేదాన్ని. అడగడానికి నోరు రాలేదు.

రెండేళ్ళ తర్వాత మేము బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటుకు మారిపోయాం. ఐదారు మైళ్ళు కూడా ఉండదు, అయినా రాకపోకలు పలచబడ్డాయి. పోయిన ఏడాది పబ్లిషరు నవల మళ్ళీ వేస్తున్నామని ఫోన్ చేసి, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంట్లో ఏదో పని తొందరలో ఉన్నాను. లేవన్నాను. ఆమెకిచ్చిన మాట గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది. కూర్చుని రాయడానికి బద్ధకించాను. పుస్తకం కుక్క పెళ్ళితో సహా ఉన్నదున్నట్టు మళ్ళీ వచ్చింది.

ఫోన్ వచ్చిన మర్నాడు వర్తూరు వెళ్ళాను. ముందుగదిలో మిషను మీద ఒక దుప్పటి కప్పి ఉంది. నా పుస్తకం దారపుండల పక్కనే ఉంది, అట్ట వెలిసిపోయి. చెల్లెలు నన్ను పట్టుకుని ఏడ్చింది. కాస్త తేరుకున్నాక, మనసులో దాచుకున్నది అడిగేశాను.

"ఆదివారాలు ఒక కూరగాయలాయన వచ్చేవాడు కదమ్మా. ఆయనకు కబురు చేశారా?"

"యా కూరగాయలాయన?"

"అక్క గుండీలు కుట్టేది కదా ఆయనకు."

చెల్లెలు నా ముఖం వింతగా చూసింది. "మా అక్క మొగోళ్ళ గుడ్డలు ముట్టేదే లేదు కదా. మా ఇంటాయన చొక్కా చినిగితే కూడా నన్నే కుట్టుకోమనేది. కూరగాయలు నేనే సంత నుంచి తెస్తాను. యాభై ఏండ్లు నేను పక్కనే ఉండాను. ఎవురూ వచ్చింది లేదు." మిషను మీది దుప్పటి అంచు సర్దింది. "ఎవురూ లేకుండానే పోయింది."

అంటే ఆ మీసం, ఆ సైకిలు, నోట్లో ఆ దారప్పోగు, అన్నీ ఆ మధ్యాహ్నం సూదుల డబ్బా ముందు కూర్చుని ఆమె అల్లుకున్నవే. లేదా ఎన్నేళ్ళ నుంచి అల్లుకుంటూ ఉందో. నా దుఃఖం ఆగలేదు. జరిగిందంతా చెల్లెలికి చెప్పాను. నేను పేజీలు దాటేసి చదవడం, అక్క అడిగిన మాట, నేనిచ్చిన మాట, అన్నీ.

చెల్లెలు లేచి పుస్తకం తెచ్చింది. "యాడుండాడు వాడు? చూపించు."

చివరి కాగితం తెరిచాను. ఆమెకూ తెలుగు చదవడం రాదు. కానీ తెల్ల కాగితం ఎవరికైనా తెలుస్తుంది.

"ఈడ ఏమీ లేదే," అంది.

"రాయలేదమ్మా. రాస్తానని రాయలేదు."

చెల్లెలు మిషను మీది దుప్పటి తీసి, బల్ల తుడిచి, లోపలికి వెళ్ళి ఒక పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

అక్క ఆనాడు చెప్పిన మాటలు చెప్పినట్టే రాశాను. ఈసారి ఎవరినీ నవ్వించాలని రాయలేదు. ఒక్కో వాక్యం కాగానే చెల్లెలు ఏం రాశావని అడిగేది, నేను చదివి వినిపించేదాన్ని. దారప్పోగు దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పెళ్ళి వద్దందని చదివితే, "అంటాది. మా అక్క అట్లే అంటాది," అంది.

చివరి వాక్యం పెట్టి పెన్ను మూశాను. ఆమె పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, ఆ రాత మీద మెల్లగా వేలు పెట్టి నన్నడిగింది.

"ఆదివారం అని రాసినావు కదా అక్కా? నువ్వు ఆ దినం రాసేది మరిచిపోయుంటే వాడు ఎట్ల వస్తాడు?"